అంచుదాకా నింపిన షీట్లు

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. నా మనవరాలు బాన్సువాడలోనే డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతోంది. క్లాసు ముందు నిలబడి చెప్పాల్సిన సెమినారులో మొదటిసారి నోరు పెగలక మధ్యలోనే కూర్చుంది. సారు ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. ఇదీ పోతే మార్కులు పడవు, ఏడాది పోతుంది. ఏడాది పోతే కాలేజీ మాన్పిస్తానని నా కొడుకు తెగేసి చెప్పాడు. అన్నాడంటే చేస్తాడు, నా కడుపున పుట్టినవాడే కదా.

ఆ రోజు మధ్యాహ్నమే సెమినారు. చెరకుకు వచ్చే ఎర్రకుళ్ళు తెగులు గురించి చెప్పాలి. అప్పట్లో పలుచని ప్లాస్టిక్ షీట్ల మీద రంగు పెన్నులతో రాసేవారు. కాలేజీలో లైటు పెట్టె మీద పెడితే ఆ రాత గోడ మీద పెద్దగా పడేది. వాటినే స్లైడులనేవారు. మా ఇంట్లో నోటుబుక్కు అంచు కూడా ఖాళీగా వదలకూడదు. ఆ కట్టుబాటు నేను పెట్టిందే, ఇప్పటికీ తప్పనుకోను. పిల్ల ఆ లెక్కనే ప్రతి షీటునూ చీమల బారులాంటి అక్షరాలతో నింపేసింది.

అన్నానికి పిలిస్తే రాలేదు. వెళ్ళి చూస్తే, నేల మీద తెల్ల ధోవతి పరచి, దాని మీద షీటు పెట్టి, నిలబడి కిందికి చూస్తోంది. అలా చదవగలిగితేనే ఆఖరి బెంచీకి కనిపిస్తుందని సారు చెప్పాడట.

"ఒక్క ముక్క కనవడ్తలేదు అవ్వా. నేను రాసింది నాకే కనవడ్తలేదు."

"నోటికొస్తది గద, ఇగ ఫికర్ ఏంది?"

"పోయినసారి గూడ వస్తదనే అనుకున్న. గందుకే చూస్కుంట చదువుదామని మొత్తం రాసిన."

కొత్త షీట్లు లేవు. తడిగుడ్డతో తుడిస్తే అక్షరం కదల్లేదు. వాళ్ళ తాతకు షుగర్ సూది వేసే ముందు రుద్దే స్పిరిట్ తెచ్చాను. మొదట రంగంతా అలుక్కుపోయింది. షీటు ఖరాబైందని పిల్ల ఏడుపందుకుంది. ముందు తుడువు, ఏడుపు తర్వాత అన్నాను. ఇంకోసారి రుద్దితే తేటపడింది.

"గిదంత తీసేస్తే నేనేం చెప్పాలె?"

"సారు మార్కులు గోడకేస్తడా, నీకేస్తడా?"

మూతి ముడుచుకుంది కానీ పెన్ను తీసింది. ఒక్కో షీటుకు పైన ఒక హెడ్డింగు, కింద రెండు మూడు మాటలు. ఒకదాని మీద చీల్చిన చెరకు గడ బొమ్మ మాత్రమే వేసింది. ప్రతిదీ కింద పెట్టి, నిలబడి చదివి చూసుకుంది. అన్నం తినే వేళ దాటిపోయింది.

నేనూ వెంట వెళ్ళి క్లాసు కిటికీ బయట నిలబడ్డాను. గోడ మీద 'ఎర్రకుళ్ళు' అన్న మాట కొద్ది చదువు చదివిన నాకు కూడా కనబడింది. పిల్ల గొంతు సన్నగా మొదలై కుదుటపడుతోంది. చెరకు బొమ్మ పెట్టగానే కరెంటు పోయింది.

పిల్ల ఆగిపోయింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వి, "అయిపోయిందా?" అన్నారు. నేను కిటికీ ఊచ పట్టుకున్నాను.

"కాలేదు," అంది నా మనవరాలు. "చెరకును నిలువుగ చీలిస్తే లోపల ఎర్రగుంటది. నడుమ నడుమ తెల్ల మచ్చలుంటయి. గవి చూసే గీ తెగులని గుర్తువడ్తం."

ఇక ఆగలేదు. కరెంటు రాకుండానే ముగించింది. సారు ఒక ప్రశ్న అడిగి, జవాబు విని, మార్కులు వేస్తున్నానని చెప్పి, వెళ్ళి కూర్చోమన్నాడు.

సాయంత్రం కొడుకు పొలం నుంచి రాగానే చెప్పాను: "దానికి మార్కులు పడ్డయి. కాలేజి మాన్పిచ్చే ముచ్చట ఇగ ఎత్తకు."

వాడు కాళ్ళు కడుక్కుంటూ తలూపాడు.