బేబీరాణి గీసిన గీత

“గీతే కదే! నీ మెడకాయా అది? ఓ పాలి ఇటు లాగీసి పంపీవే!”

“లాగను.”

“లాగకపోతే ఏటి తింటావు? ఆ గీతే నాక్కుంటావా?”

“అమ్మా, ధీరే బోల్. పక్కింటోళ్ళు వింటారు.”

“విననీ. ఇంత అద్దం కొన్నప్పుడూ విన్నారు, ఇప్పుడూ వింటారు.”

యువరాజ్ పాల ప్యాకెట్టుతో మెట్ల మీదే ఆగిపోయాడు. లోపలికి వెళ్తే ఎవరో ఒకరి పక్షం పట్టాలి. తల్లి కాళమ్మ రేవు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చేపల గంప గుమ్మం బయట బోర్లించి ఉంది. ఇంకా ఏడు కాలేదు. ఆ దీవిలో రేవు పక్క పేట జంగ్లీఘాట్‌లో ఆ వాటాల మధ్య ఉన్నవి రేకు గోడలు. అక్కడ కోపం దాచుకోవడం ఎవరివల్లా కాదు.

“అద్దం అమ్మీ మరి,” అంటోంది కాళమ్మ. “ఉజ్జోగం పోయాక దాంతో ఏటి పని? సీరియల్ రాదు, వార్తా రాదు. నీ తమ్ముడు తుపాకులు కాల్చుకోడానికా?”

“పోతే అమ్మేస్తాను. నాకేం?” అంది బేబీరాణి.

ఆ మాట విన్నాకే యువరాజ్ లోపలికి వచ్చాడు.

అద్దం అంటే కంప్యూటర్ తెర. ముప్పై నాలుగు అంగుళాల అల్ట్రావైడ్ మానిటర్, రెండు చివర్లా లోపలికి కాస్త వంపు. చెన్నైలో ఓడెక్కి, తుఫాను వల్ల పన్నెండు రోజులు ఆలస్యంగా హాడో రేవులో దిగింది. ఆటోలో అడ్డంగా పెట్టి అక్కాతమ్ముళ్ళు చెరో కొసా పట్టుకుని తెచ్చారు. ఇంట్లో ఉన్న బల్ల దానికి చాలలేదు. చేపల థర్మాకోల్ పెట్టె ఒకటి పక్కన చేర్చి పైన చెక్క పరిచారు. ఉప్పుగాలి తగలకుండా పని అయ్యాక కాళమ్మ పాత నైలాన్ చీర కప్పుతారు. దసరాకి వలలకీ ఇంజన్లకీ పెట్టినట్టే కాళమ్మ దానికీ కుంకుమ బొట్టు పెట్టబోతే బేబీరాణి చెయ్యి పట్టుకుంది. “నువ్వు బొట్టు పెట్టిన చోట ఓ ఊరు మాయమైపోద్దమ్మా. వెనకాల పెట్టు.” వెనకాలే పెట్టింది.

పగలు ఆ తెర బేబీరాణిది, సాయంత్రం నుంచి యువరాజ్‌ది. ఆమె అందులో ఊళ్ళు గీస్తుంది, అతడు అందులో మనుషుల్ని కాలుస్తాడు. రెండో ఏడాదిలో కాలేజీ మానేశాక అతడు చేసిన పని అదొక్కటే. స్నేహితుల దగ్గర ‘నా మానిటర్’ అనేవాడు. మామూలు తెర మీద కనిపించని పక్కలు దీని మీద కనిపిస్తాయి. గోడ చాటు నుంచి వచ్చేవాణ్ణి అర క్షణం ముందు పట్టేయొచ్చు. ఆ అర క్షణమే ఏదో ఒకనాడు తనను ఈ రేకుల వాటాలోంచి బయటపడేస్తుందని అతడి లెక్క. ఆ లెక్క కాగితం మీద వేసి చూసుకునేంత ధైర్యం మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు.

బేబీరాణికి ఆ వెడల్పుతో వేరే పని. హైదరాబాదులో ఒక కంపెనీ ఉపగ్రహం తీసిన బొమ్మలు పంపుతుంది. ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది. రోడ్లు, ఇళ్ళు, చెరువులు, సముద్రపు ఒడ్డు, దేని చుట్టూ దానికి గీత గీసి రంగు నింపాలి. పాత చిన్న తెర మీద ఒక బొమ్మ మూసి ఇంకోటి తెరవాల్సి వచ్చేది. మూసిన బొమ్మని కళ్ళల్లో మోసుకుని రెండో బొమ్మ దగ్గరకి పోయేది. వెడల్పు తెర వచ్చాక రెండూ పక్కపక్కన నిలబడ్డాయి. ఒక్కో జత బొమ్మలకి ఒక్కో షీటు; పోయిన వారం దాకా, రెండేళ్ళలో ఆమె గీసిన ఏ షీటూ తప్పని వెనక్కి రాలేదు.

ఇక్కడిదాకా రావడానికి ఆమెకు ఇరవై ఏళ్ళు పట్టింది. సునామీ నాటికి పదకొండేళ్ళ పిల్ల. ఇల్లు అప్పుడు సిప్పీఘాట్‌లో, సముద్రపు పాయ ఒడ్డున. ఆదివారం, పున్నమి. పొద్దున్నే భూమి ఊగింది. కాసేపటికి నీళ్ళు గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయాయి. పోయి పోయి, ఎన్నడూ చూడనంత మట్టి బయటపడింది. తండ్రి దానయ్య పడవ ఆ మట్టిలో పక్కకి ఒరిగి ఉంది. “నీళ్ళు పోయాయి కదా, లాక్కొచ్చేత్తాను,” అని దిగాడు. బేబీరాణి గట్టు మీద నిలబడి ఉంది, చంకలో తొమ్మిది నెలల యువరాజ్. మట్టిలో దిగబడుతున్న తండ్రి అడుగుల్ని ఆటకి లెక్కపెట్టింది. నలభై దాకా పెట్టింది, అప్పటికి నీళ్ళు తిరిగొచ్చాయి.

తర్వాత ఆ నేలే కుంగిపోయింది. వరి మడీ, ఇంటి పునాదీ ఉప్పునీళ్ళ కిందకి పోయాయి. ప్రభుత్వం కట్టిన రేకుల షెల్టర్లో మూడేళ్ళున్నారు. సహాయానికి వచ్చినవాళ్ళు అక్కడొక కంప్యూటర్ పెట్టారు. పన్నెండు మంది పిల్లలకి ఒక్కటే. మిగతా పదకొండు మందీ బొమ్మల ఆటలకి ఎగబడితే ఈ పిల్ల గీతలు గీసే ప్రోగ్రాం ముందు కూర్చుంది. పదో తరగతి అయ్యాక బజారులో జెరాక్స్ షాపు. రేషన్ కార్డు దరఖాస్తులు నింపీ నింపీ పదేళ్ళకి పైనే. సముద్రం అడుగున కేబులు వచ్చి నెట్ నడవడం మొదలయ్యాక ఈ ఉద్యోగం. యువరాజ్ చదువుకి ఫీజు కట్టింది ఆమె. అతడు మానేసినప్పుడు ఒక్క మాటా అనలేదు. అంటే బావుండేదని అతడికి ఇప్పటికీ ఉంది.

కంపెనీ ఇచ్చిన నిబంధనల కాగితంలో మొదటి వాక్యం ఇది: కనిపించింది గీయండి, తెలిసింది గీయకండి. రెండేళ్ళు ఆమెకి దాంతో పేచీ లేదు. రాజస్థాన్ ఊళ్ళూ ఒడిశా చెరువులూ గీసేటప్పుడు ఆమెకి తెలిసిందేమీ లేదు.

పోయిన వారం సిప్పీఘాట్ షీటు వచ్చింది.

వచ్చిన రోజు తమ్ముణ్ణి పిలిచి మరీ చూపించింది. ఎడమవైపు పాత బొమ్మలో మడులు, కొబ్బరి వరస, తెల్లటి చుక్కంత వాళ్ళ ఇల్లు. కుడివైపు కొత్త బొమ్మలో ఆ చోటంతా బూడిదరంగు నేల, అక్కడక్కడా పచ్చటి మొలకలు. నీళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నాయి.

“ఖాళీ జాగా బాగానే ఉంది దీదీ,” అన్నాడు యువరాజ్.

“ఖాళీ జాగానా?” బొమ్మ మూలనున్న తేదీ మీద వేలు పెట్టింది. “అష్టమి రా ఆ రోజు. అష్టమికి పొద్దున పదింటప్పుడు ఆటు. నీళ్ళు పోయి మట్టి తేలుద్ది. అదే పున్నమికి పదింటికి ఎళ్ళి చూడు, రోడ్డు పక్కదాకా నీళ్ళే.”

రేవులో పుట్టినవాళ్ళకే వచ్చే లెక్క అది. తేదీ చూస్తే తిథి, తిథి చూస్తే నీళ్ళు ఎక్కడుంటాయో చెప్తారు. ఆ లెక్కే ఆమె కొంప ముంచింది. బొమ్మలో నీళ్ళున్న చోట వదిలేసి, పోటు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో అక్కడ గీసింది ఒడ్డు గీత. చచ్చిన కొబ్బరి మోళ్ళ వెంట.

షీటు వెనక్కి వచ్చింది. మళ్ళీ అలాగే పంపింది, మళ్ళీ వచ్చింది. నిన్న అనిల్ ఫోన్ చేశాడు. పని సరిచూసేది అతడే, హైదరాబాదులో కూర్చుని.

“బేబీరాణి గారూ, మీ గీత అరవై మీటర్లు లోపలికి ఉందండీ. బొమ్మలో అక్కడ నేల కనిపిస్తోంది కదా?”

“అది నేల కాదండీ. ఆటుకి తేలిన మట్టి.”

“కావచ్చండి. మనం కనిపించిందే గీయాలి.”

“నేల అని గీస్తే పసుపు రంగు నింపాలి. ఖాళీ భూమి అని. రేపెవడో ఈ మ్యాపు చూసి అక్కడ ఇళ్ళు కడితే?”

“అది క్లయింటు చూసుకుంటాడండీ. మనకెందుకు? రేపు ఒంటిగంట లోపు సరిచేసి పంపండి. మూడోసారి కూడా ఇలాగే వస్తే మీ అకౌంటు మూసేయమంటున్నారు. నా చేతుల్లో ఏమీ లేదు.”

పొద్దుటి గొడవ దాని గురించే. యువరాజ్ పాలు పెట్టేసరికి బేబీరాణి చెప్పులు వేసుకుంటోంది.

“ఇవాళ పున్నమి. పదింటికి పోటు. నేను సిప్పీఘాట్ ఎళ్ళి ఫోటోలు తీసి నీకు పంపుతాను. వాటిని షీటుకి తగిలించి అనిల్ గారికి పంపు. కళ్ళతో చూస్తే ఆయనకీ అర్థమౌద్ది.”

“అర్థం కాకపోతే?”

“కాకపోతే పోద్ది. గీత మాత్రం ముట్టుకోకు. సమ్‌ఝా?”

“సమ్‌ఝా.”

“పన్నెండుకి నీ ఆట పోటీ ఉందన్నావు కదా. ఆలోపే పంపేస్తాలే.” అంతా సరే అన్నట్టు అతడి తల మీద ఒకటి మొట్టి బస్సుకి వెళ్ళిపోయింది.

పదిన్నర అయింది, ఫోటోలు రాలేదు. ఫోన్ చేస్తే కలవలేదు. ఆ పాయ దగ్గర సిగ్నల్ ఎప్పుడూ అంతే. పదకొండున్నరకి యువరాజ్ ఫోన్ మోగింది, అక్క కంపెనీకి ఇచ్చిన రెండో నంబరు అదే. అనిల్.

“ఆమె లేదండీ, బయటికెళ్ళింది. నేను తమ్ముణ్ణి.”

“అయ్యో. క్లయింటు పన్నెండుకే అడుగుతున్నాడు బాబూ. ఒంటిగంట దాకా ఆగేలా లేడు. ఆవిడ బాగా చేస్తారు, పోగొట్టుకోవడం నాకూ ఇష్టం లేదు. ఎలాగోలా పంపించండి.”

యువరాజ్ తెర ముందు కూర్చున్నాడు. పోటీకి ఇరవై అయిదు నిమిషాలుంది. గెలిస్తే చెన్నైలో ఆడే జట్టులోకి తీసుకుంటామన్నారు. ఓడినా గెలిచినా, అక్క ఉద్యోగం పోతే ఈ తెర పోతుంది. పొద్దున మెట్ల మీద విన్నాడు. వెనక కాళమ్మ చేపల కత్తి కడుగుతోంది.

“ఏటంటన్నాడు?”

“పన్నెండుకల్లా కావాలంట.”

కాళమ్మ కత్తి పక్కన పెట్టింది. “లాగీరా బాబూ,” అంది. “అది తిడితే నన్ను తిట్టనీ. పోయినోడికి గీత ఎక్కడుంటే ఏటి?”

గీత అంటే చుక్కల వరస. ఒక్కో చుక్కనీ మౌస్‌తో పట్టుకుని నీళ్ళ అంచుకి లాగాలి. అతడి చెయ్యి ఆటల్లో ఆరితేరిన చెయ్యి. బేబీరాణి వారమంతా మొండికేసిన పని నాలుగు నిమిషాల్లో చేసేశాడు. మధ్యలోని బూడిదరంగు మీద పసుపు నింపాడు. పంపాడు. అక్క ఉద్యోగం నిలబెట్టానని అనుకున్నాడు. నిలబెట్టిన మాట నిజమే. తెర కోసం చేశాడన్నదీ నిజమే. రెండిట్లో ఏది ముందో ఆ క్షణాన అతడు తరచి చూసుకోలేదు, పోటీకి లాగిన్ అవ్వాలి.

ఆట మధ్యలో ఫోన్ ఏడుసార్లు వణికింది. ఫోటోలు. తీసి చూడలేదు.

ఒంటిగంట దాటాక బేబీరాణి వచ్చింది. సల్వారు మోకాళ్ళ దాకా తడిసి, ఆరిన చోట ఉప్పు తెల్లగా కట్టి ఉంది.

“పంపావా?”

“ఆఁ.”

“ఏమన్నారు?”

“దీదీ, ఆన్‌లైన్ ఆట, ఆపడానికి అవ్వదు.”

ఆమె కుర్చీ వెనక నిలబడింది. ఆ వెడల్పంతా పొగ, పరుగులు. నిమిషం గడిచిందో లేదో కుడివైపు అంచు నుంచి ఒకడు వచ్చాడు. యువరాజ్ చూశాడు కూడా. చెయ్యి కదల్లేదు. తెర ఎర్రగా అయి ఆగిపోయింది.

“అయిపోయిందా?” అంది బేబీరాణి. వంగి మౌస్ తీసుకుంది.

షీటు పక్కన ఆకుపచ్చ టిక్కు ఉంది. కింద అనిల్ రాసిన మాట: “చాలా బాగుంది మేడమ్. ఇలాంటివి ఇంకో పన్నెండు షీట్లు మీకే ఇస్తున్నాం.” ఒప్పుకున్న షీటు మళ్ళీ మార్చడానికి తెరుచుకోదు, చూడ్డానికే. ఆమె చూసింది. ఎడమవైపు తెల్ల చుక్కంత ఇల్లు, కుడివైపు పసుపు.

కాళమ్మ వంటగది గుమ్మంలోకి వచ్చింది. “నానే సెప్పానే. నన్నను, ఏటన్నా అనాలంటే.”

బేబీరాణి తల్లి వంక తిరగలేదు.

“దీదీ, ఉద్యోగం పోయేది,” అన్నాడు యువరాజ్. “ఆయన ముందే అడిగాడు. నీ ఫోన్ కలవలేదు. క్యా కర్‌తా మై?”

“ఏం లేదు. మంచి పనే చేశావు. రేపట్నుంచి ఆ పన్నెండూ నేనే గీస్తాను, వాళ్ళకి కావలసినట్టు. ఇంక పేచీ పెట్టను.” గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతడు ఏదో ఒకటి అనేసేవాడు. “నువ్వొక పని చేసి పెట్టాలి నాకు.”

“చెప్పు.”

“రేపు కూడా పోటు పెద్దదే. ఎనిమిదింటికల్లా నాతో సిప్పీఘాట్ రా. నువ్వు లాగిన గీత ఎక్కడుందో చూపిస్తాను, గట్టు దిగి మట్టిలో నడుచుకుంటూ ఎళ్ళి అక్కడ నిలబడు. నేను పైనుంటాను. నీళ్ళు నడుం దాకా వచ్చేవరకూ నిలబడరా, అంతే. ఫోన్ ఇంట్లో పెట్టి రా, తడిసిపోద్ది.”