రెండు తలల వైరు

జెనరేటర్ కొన్న రోజు నుంచి మా అన్నయ్య మామూలు మనిషిగా ఉండటం మానేశాడు. అంతకుముందు అనంతగిరి దాటాక రోడ్డు పక్కన నాలుగు గదులు కట్టుకుని, అరకు చూడటానికి వచ్చేవాళ్ళకి అద్దెకిచ్చుకునే సాదాసీదా మనిషి. ఆ ఎర్ర డబ్బా ఇంటికొచ్చాక ఇంజినీరైపోయాడు. దాన్ని వెనక వరండాలో పెట్టి, పైన దుప్పటి కప్పి, వచ్చిన ప్రతివాడికీ దుప్పటి తీసి చూపించేవాడు. నా పెళ్ళిచూపులప్పుడు నన్ను కూడా అంత ముచ్చటగా చూపించలేదు. తాడు ఒక్క లాగుకే ఇంజను అందుకుంటే ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగేవాడు. అందుకోకపోతే తప్పు పెట్రోలుది.

మా ఆయన లైన్‌మన్. శృంగవరపుకోట వైపు రైతుల ఇంట్లో పుట్టి, ఉద్యోగం పుణ్యమా అని మా కొండ మీదికొచ్చి, నన్ను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. నేను ఊళ్ళో టీచర్ని. ఇంట్లో పొద్దస్తమానం స్తంభాలు, ఫ్యూజులు, తెగిన తీగల గోలే కాబట్టి, అక్కర్లేకపోయినా ఆ విద్య సగం నాకూ అంటుకుంది.

అన్నయ్యకి మాత్రం ఎవరి విద్యా అంటలేదు. డబ్బా మీద మూడు కిలోవాట్లని అచ్చువేసి ఉంది. ఆయనకి అది దేవుని వాక్యం. “గీజరుకి రెండు కిలోవాట్లు, నీళ్ళ మోటారుకి ఒకటి. కలిపితే మూడు. లెక్క సరిపోనాది కదా!” అనేవాడు. గీజరు వేసి, దాని మీద మోటారు స్విచ్చి నొక్కేవాడు. జెనరేటర్ గొంతు పట్టుకున్నట్టు గురగురలాడేది, లైట్లు ఎర్రబడేవి, మోటారు తిరగకుండా మూలిగేది. అప్పుడు అన్నయ్య వెళ్ళి మోటారుని కాలితో తన్నేవాడు.

“బావా, మోటారు లేచేటప్పుడు తినే తిండి వేరు, నడిచేటప్పుడు తినేది వేరు,” అని మా ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. “లేచేటప్పుడు దానికి నాలుగైదింతలు కావాల. ముందు మోటారొక్కదాన్నీ ఎక్కించు. అది కుదురుకున్నాక లైట్లేసుకో. గీజరుని మాత్రం దీని జోలికి రానీకు.”

“ఏటవుద్ది బావా? ఏటీ అవదు.”

ఈ ‘ఏటీ అవదు’ గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా కొండల్లో కువి, ఆదివాసీ ఒరియా, తెలుగు అన్నీ వినపడతాయి. ఒక ఇంటివాళ్ళ మాట ఇంకో ఇంటివాళ్ళకి అర్థం కాదు గానీ, ఈ ముక్క మాత్రం అందరికీ వచ్చు. ఘాట్ రోడ్డు మలుపులో ఎదురు చూడకుండా బస్సుని దాటేవాడూ ఇదే అంటాడు. గెడ్డలో నీళ్ళు పొంగుతుంటే బండి దింపేవాడూ ఇదే అంటాడు. ఏదో ఒకటి అయినవాళ్ళు తిరిగొచ్చి చెప్పరు కాబట్టి ఆ మాట ఇంతకాలం నిలబడింది.

ఇంక ఆ గదుల్లో దిగేవాళ్ళ సంగతి. మంచు చూడాలని అంత దూరం నుంచి వస్తారు, వచ్చాక చలి వేస్తోందని ఫిర్యాదు. కొండ, కాఫీ తోట, నిశ్శబ్దం అని ఫోటోలు పెట్టుకుంటారు. కరెంటు పోయిన మరుక్షణం ఫోను పట్టుకుని బయటికొచ్చి, చార్జింగ్ లేకపోతే ప్రాణం పోతుందన్నట్టు నిలబడతారు. వాళ్ళ వేడినీళ్ళ కోసమే అన్నయ్య ఇన్ని విద్యలు నేర్చాడు.

మొదట్లో జెనరేటర్ని వరండాలోనే నడిపేవాడు. ఆ వరండాకి ఆనుకుని వంటిల్లు. వానలకి తలుపులన్నీ మూసుకుని ఉంటే పొగంతా లోపలికే. వదిన తల పట్టుకుని వాంతులు చేసుకుంటే, “గ్యాసు పట్టేసింది. సోడా తాగు,” అన్నాడు. గ్యాసు పట్టిన మాట నిజమే, కానీ పొట్టలోది కాదు. మా ఆయన వెళ్ళి, ఆ విషపు గాలికి వాసన కూడా ఉండదనీ, మూసిన ఇంట్లో మనిషిని కూర్చున్నచోటే పడుకోబెట్టేస్తుందనీ తిట్టి, ఆ డబ్బాని ఇంటికి దూరంగా ఈడ్పించి, పైన రేకు వేయించాడు. వదిన బతికింది. అన్నయ్య మాత్రం తన జెనరేటర్ని వానలో పెట్టించినందుకు మూడు వారాలు మా ఇంటికి రాలేదు.

ఆ అలకలోనే కొత్త విద్య కనిపెట్టాడు. గదిగదికీ వైర్లు లాగటం చిరాకనిపించి, ఒక లావుపాటి వైరు తీసుకుని రెండు చివర్లా మూడు పిన్నుల ప్లగ్గు టాపులు బిగించాడు. ఒక చివర జెనరేటర్లో, రెండో చివర వంటింటి గోడ సాకెట్లో. అంతే, ఇల్లంతా కరెంటు. సాకెట్లోంచి మనం కరెంటు తీసుకుంటాం, ఈయన సాకెట్లోకి ఎక్కించాడు. సోమవారం సంతలో అందరికీ చెప్పుకున్నాడు కూడా.

అది చూసినప్పుడు మా ఆయన ముఖంలో నెత్తురు లేదు. “ఇది వైరు కాదు బావా, రెండు తలల పాము. ఒక తల పెరికితే ఆ పిన్నుల్లో కరెంటు బయటే ఉంటాది, ముట్టుకున్నోడు పోతాడు. పెరక్కపోతే గోడలోంచి మెయినుకి, మెయిన్లోంచి వీధి లైనుకి ఎక్కుతాది. లైన్లో కరెంటు లేదనుకుని నేను స్తంభం ఎక్కుతాను. నన్ను సంపుతావేటి?”

“మెయిను కట్టేత్తే సాలు కదా,” అన్నాడు అన్నయ్య.

“కట్టేత్తన్నావా మరి?”

ఇక్కడే నా తోడబుట్టినవాడి బుర్ర అసలు సంగతి బయటపడింది. “కట్టేత్తే వీధిలోకి కరెంటు వచ్చినట్టు నాకెలగ తెలుత్తాది బావా? పెట్రోలు ఊరికే తగలెట్టాలా?” అన్నాడు. కరెంటు వచ్చిన కబురు తెలియాలని వాకిలి తీసి ఉంచాడన్నమాట. అదే వాకిట్లోంచి తన కరెంటు వీధిలోకి పోతుందని తట్టలేదు. మా ఆయన ఆ వైరుకి ఒక తల కోసేశాడు. ఇటు తిప్పితే వీధి కరెంటు, అటు తిప్పితే జెనరేటర్, రెండూ ఎప్పుడూ కలవకుండా ఉండే చేంజోవర్ స్విచ్చి ఒకటి పెట్టించుకోమన్నాడు. “పెట్టిద్దాంలే,” అన్నాడు అన్నయ్య. కోసిన తలకి మర్నాడే కొత్త తల వచ్చింది. అది మాకు తెలియదు.

తెలిసింది ఒక ఆదివారం. ముందు రోజు గాలివానకి సిల్వర్ ఓక్ చెట్టు విరిగి తీగల మీద పడింది. మా ఆయన పొద్దున్నే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకి, లైను చచ్చిందని టెస్ట్ ల్యాంపుతో చూసుకుని, మలుపు అవతల స్తంభం ఎక్కాడు. ఆయనకి చర్చి అలవాటు లేదు. నేను వెళ్ళి నా మూల కూర్చున్నాను. పాస్టరుగారు వానలో తడిసిన ఊరి కోసం ప్రార్థన ఎత్తుకున్నారు. మధ్యలో, పైనున్న బల్బు వెలిగింది.

“స్తోత్రం!” అంది చర్చి మొత్తం.

నేనూ అన్నాను. మా ఆయన పని బేగి ముగించాడనుకున్నాను. గర్వపడ్డాను కూడా. ఇంతలో బల్బు దారప్పోగంత ఎర్రగా కుంగిపోయి, మళ్ళీ లేచింది. కుంగినప్పుడల్లా దూరంగా ఏదో గురగురమంటోంది. ఆ గురగుర నాకు తెలుసు. మోటారు లేవలేక మూలిగే చోట అన్నయ్య కాలు కూడా నా కళ్ళకి కట్టింది.

పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెవి దగ్గరికి వంగింది. “సుట్టం కరెంటమ్మా,” అంది సంతోషంగా.

“సుట్టం కరెంటేటి?”

“మీ అన్నయ్య కాడి నుంచి వత్తాది కదా! లైను పోయినప్పుడల్లా మా నాలుగిళ్ళకీ, సెర్చికీ వత్తాది. మీ ఆయనకి సెప్పకు తల్లీ, ఆపించేత్తాడు.”

అందరికీ తెలుసు. వీధి వీధంతా ఆ కరెంటుకి ముద్దుగా పేరు పెట్టుకుంది, పిలవకుండా వచ్చి చెప్పకుండా పోతుందని. లైన్‌మన్ పెళ్ళానికి తెలియకుండా దాచుకుంది. ఒక బల్బూ, ఒక ఫోను చార్జింగూ. తమ కోసమే స్తంభమెక్కినవాడి ప్రాణానికి వీళ్ళు కట్టిన విలువ అదీ. ఆ క్షణంలో ఆ చర్చిలో ఉన్న ప్రతి ముఖాన్నీ నేను అసహ్యించుకున్నాను. ప్రార్థన అయ్యేదాకా ఆగలేదు.

స్తంభం దగ్గరికి పరుగెత్తితే మలుపు దాటాలి. అరిస్తే వినపడదు, ఫోను బండి డిక్కీలో పెట్టి ఎక్కుతాడు. అన్నయ్య ఇల్లే దగ్గర. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో గుర్తులేదు. దేవుడి పేరు కూడా నోటికి రాలేదు.

అన్నయ్య అనుకున్నట్టే మోటారుని తన్నుతున్నాడు. “సెర్చి అప్పుడే అయిపోనాదేటి?” అన్నాడు. నేను నేరుగా జెనరేటర్ దగ్గరికి పోయి ఇంజను ఆపేశాను. వైరు పెరకాలని చేయి వెళ్ళింది గానీ, ఇంజను పూర్తిగా చచ్చేదాకా ఆగాను.

“ఏటి సేత్తన్నావు! గెస్టు తానం సేత్తన్నాడు!”

గెస్టు తలంతా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చాడు. ఇలాంటి చోటని తెలిస్తే వచ్చేవాడిని కాదనీ, ఫోనులో రేటింగు కింద ఒక్క చుక్క మాత్రమే ఇస్తాననీ అన్నాడు. ఇచ్చుకోమన్నాను. ఆ చుక్క ఎక్కడ పెట్టుకోవాలో కూడా చెప్పాను. అది ఇక్కడ రాయదగ్గ మాట కాదు.

వైరు చుట్టి చంకలో పెట్టుకుని మలుపు దాకా పరుగెత్తాను. మా ఆయన స్తంభం కింద బురదలో కూర్చుని ఉన్నాడు, నడుముకి బెల్టు అలాగే ఉంది. కుడి అరచెయ్యి మీద కాలిన చార. ఎడమ చేత్తో నీళ్ళ సీసా ఎత్తబోతే సగం నీళ్ళు చొక్కా మీదే పోయాయి.

“ఏటీ అవలేదు,” అన్నాడు నన్ను చూసి.

బండి డిక్కీ తెరిచి ఉంది. ఆఫీసువాళ్ళు ఇచ్చిన రబ్బరు గ్లౌజులు అందులోనే ఉన్నాయి, కవరు కూడా విప్పలేదు. వేసుకుంటే నట్లు చేతికి అందవట. ఎటు నుంచైనా కరెంటొస్తే భూమిలోకి పోయేలా చచ్చిన లైనుకి తగిలించే ఎర్తు తీగ కూడా తగిలించలేదు. అదీ డిక్కీలోనే ఉంది. ఊరందరికీ పాఠాలు చెప్పే మనిషి! మా అన్నయ్యకి దక్కాల్సిన తిట్లలో సగం అక్కడే ఈయనకి పంచిపెట్టాను. తిడుతూనే ఏడ్చాను.

“తెగిన కొన అందుకోగానే పట్టేసింది,” అన్నాడు కాసేపటికి. “ఇంక ఒదల్దు, అయిపోనాది అనుకున్నాను. ఎందుకో ఠపీమని ఒగ్గేసింది.”

చంకలోని రెండు తలల వైరు తీసి ఆయన ఒడిలో పెట్టాను. రెండు టాపుల్నీ చాలాసేపు తిప్పి చూసుకున్నాడు. ఈసారి ‘ఏటీ అవలేదు’ అనలేదు.

ఇప్పుడు అన్నయ్య ఇంట్లో చేంజోవర్ స్విచ్చి ఉంది. మా ఆయనే దగ్గరుండి పెట్టించాడు. గదుల్లో దిగినవాళ్ళకి దాన్ని చూపించి, తన తెలివే అని చెప్పుకుంటున్నాడు. మోటారు నడిచేటప్పుడు గీజరు వేయడు, అది కూడా చిన్నప్పటి నుంచీ తనకి తెలిసిన సంగతేనట. ఊళ్ళోవాళ్ళు చుట్టం కరెంటు ఆగిపోయిందని నా మీద అలిగారు. ఆ మరుసటి ఆదివారం పెద్దావిడ లేచి, లైన్‌మన్‌ని ప్రభువు ఎలా కాపాడాడో సాక్ష్యం చెప్పింది. ప్రభువు ఎవరి చేతుల్లోంచి కాపాడాడో మాత్రం చెప్పలేదు.

మా ఆయన కుడిచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా ముడవవు. గ్లౌజులు మాత్రం వేసుకుంటున్నాడు, నేను డిక్కీ తెరిచి చూస్తాను కాబట్టి.

మొన్న ఆదివారం కూడా ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. అందరూ ఆశగా తలెత్తి బల్బు వైపు చూశారు. అది వెలగలేదు. ఎంతసేపు చూసినా చీకటిగానే ఉంది. “అయ్యో” అన్నారు అందరూ. నేనొక్కదాన్నే గట్టిగా “స్తోత్రం” అన్నాను.