నేరేడు చెట్టు మీది గూడు

ఏళ్ళ తరబడి ఒక బరువు మోస్తున్నాను. అది మరొకరి బరువుగా చలామణీ అవుతోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కడియంలో మాది నర్సరీ. ఎదిగిన చెట్లను కొమ్మలు కోసి, వేళ్ళతో సహా తవ్వి, మట్టిముద్దకు గోనె చుట్టి, లారీలో తెచ్చి ఇళ్ళముందు నాటుతాం. ఒకాయనకు గృహప్రవేశం లోపు వాకిట్లో పెద్ద నేరేడు చెట్టు కావాలి. ఏజెన్సీలో కొండవార, ఒక రైతు పొలంలో దొరికింది. దాని పైకొమ్మలో ఆకులతో అల్లిన పెద్ద గూడు. అడవుల్లో తిరిగే పెద్ద జాతి ఉడుత, బెట్టుడుతది. మా పనివాడు సూర్రావు రంపం పట్టుకుని ఆగిపోయాడు.

"పిల్లలున్నాయేమోనండి బాబుగారూ. ఎక్కి చూసొస్తానండి."

"ఖాళీ గూడది. ఒక్కో ఉడుత నాలుగైదు కడుతుంది. కొమ్మ కోసెయ్, అవతల క్రేన్ వెయిటింగు."

నాలుగైదు కడుతుందన్నది నిజమే. కానీ ఆ పొద్దున సూర్రావు రాకముందే, తల్లి ఉడుత ఆ గూట్లోకి దూరడం చూశాను. లోపల సన్నటి కూతలు కూడా విన్నాను.

కొమ్మ పడింది. రెండు పిల్లలు. కళ్ళయినా తెరవలేదు. తల్లి పక్కచెట్టు మీద అరుస్తూనే ఉంది. ఎక్కి చూడకపోవడం తన తప్పేనని సూర్రావు కూలబడ్డాడు. నేనేం చేశాను? పోన్లే, నీకేం తెలుసని భుజం తట్టాను.

తర్వాత ఫోనులో వెతికాను. ఆ జాతి ఇంకా అంతరించే దశకు రాలేదట. అడవితో పాటు తగ్గిపోతూ మాత్రం ఉందట, చంపితే నేరమట. నేను మొదటి మాటే పట్టుకున్నాను. ఇంకా రాలేదు కదా, రెండు పోతే ఏమైందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎంత నీచపు బుద్ధి నాది?

సూర్రావు మళ్ళీ చెట్టెక్కలేదు. నీళ్ళు పెట్టే పనికి మారాడు. కూతురికి కడుపు నిలవకపోతే, ఆ ఉడుత ఉసురే తగిలిందని ఏడ్చాడు. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? ఓదార్చాను.

ఏటా కోరుకొండ నరసింహస్వామి దగ్గర తప్పు కాయమని మొక్కుకుంటాడు. మొన్న నా బండి మీద నేనే తీసుకెళ్ళాను. అతను చెంపలు వేసుకుంటుంటే, అతని కోసమన్నట్టు పక్కన నిలబడి నేనూ దణ్ణం పెట్టాను. మెట్లు దిగుతూ, మీలాంటి వారు దొరకడం నా అదృష్టమండి అన్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా తలూపాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అతనికి చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. ఒక్క మాట మాత్రం ఇన్నాళ్ళకు రాయగలుగుతున్నాను, రాస్తుంటే ఊపిరాడుతోంది. గూట్లో పిల్లలున్నాయని నాకు తెలుసు. తెలిసే కోయించాను.