గేటు మీద ఫెర్గస్ ఫోటో

బల్గేరియా మంచుకొండల ఊరు బాన్‌స్కోలో స్థిరపడ్డ విదేశీయులు ప్రతి ఏప్రిల్లోనూ ఒకే మాట అంటారు. ఇదే ఆఖరి చలికాలం, ఇక సొంత ఊరికి పోతాం అని. నవంబరు వచ్చేసరికి మళ్ళీ వాళ్ళే అదే బెంచీ మీద అదే బీరు గ్లాసుతో ప్రత్యక్షం. ఫెర్గస్ కూడా ఆ మాట ఎనిమిదిసార్లు అన్నాడు, ఎవరూ నమ్మలేదు. తొమ్మిదో ఏడు మాత్రం ఏమీ అనకుండా ఊరుకున్నాడు. అతన్ని ఎరిగినవాళ్ళకు అప్పుడే గుబులు పుట్టింది.

స్కాట్లాండులో డండీ అతని ఊరు. తండ్రి పోస్ట్‌మాన్. ఒక్క సీజను మంచులో ఆడుకుని పోదామని ముప్పై నాలుగో ఏట వచ్చినవాడు, నలభై మూడు నిండినా కదల్లేదు. పగలంతా కొండ మీద స్నోబోర్డు నేర్పుతాడు. నేర్పడమంటే పెద్ద విద్యేమీ కాదు, రెండు కాళ్ళూ ఒకే పలకకు బిగించుకుని కూలబడే కొత్తవాళ్ళను రోజుకు వందసార్లు లేపడం. శుక్రవారం సాయంత్రాలు విదేశీయుల బీరు దుకాణంలో గిటారు. అక్కడ తాగినవాళ్ళు అడిగిన పాటే వాయించాలి, అదీ వాళ్ళతో సమానంగా అరుస్తూ. అతను సొంతంగా కట్టుకున్న పాటలు పదకొండు ఉన్నాయి. ఇన్నేళ్ళలో వాటిలో ఒక్కటి పాడమని అడిగిన పుణ్యాత్ముడు లేడు.

తెల్లారి కొత్త మంచు పడ్డ రోజున మాత్రం అతన్ని చూడాలి. పాఠాలు మొదలయ్యేలోపు పైన్ చెట్ల మధ్య నుంచి ఒక్కడే చప్పుడు లేకుండా జారి వస్తాడు. కింద ఆగి, తనలో తాను నవ్వుకుంటాడు. ఆ ఒక్క నవ్వు కోసమే అతను ఇక్కడ పడి ఉన్నాడని నాకనిపిస్తుంది. అతన్నడిగితే అదీ తెలీదంటాడు.

అద్దెకుండేది కొస్తదింక అవ్వ మేడగదిలో. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, నవ్వితే పళ్ళు రాలిపోతాయన్నంత బిగువు. అతన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, "పరాయోడా" అనే పిలుపు. శరదృతువులో మిరపకాయలు కాల్చి ఊరబెట్టిన సీసా ఒకటి మెట్ల మీద పెట్టి పోతుంది. సీసా ఖాళీ అయ్యాక కడిగి అక్కడే పెట్టకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆ సీసా ప్రేమో అలవాటో ఫెర్గస్‌కు ఎన్నడూ అంతు చిక్కలేదు.

జనవరిలో ఒకరోజు అవ్వ మెట్ల కింద నిలబడి, ఏప్రిల్ నుంచి గది తన మేనల్లుడు క్రుమ్‌కు ఇస్తున్నానని, అతను దాన్ని టూరిస్టులకు తిప్పుకుంటాడని చెప్పింది. పోయేముందు మెట్లు కడిగి పొమ్మంది. అంతే. అయ్యో అనలేదు, ఎక్కడికి పోతావనీ అడగలేదు. ఊళ్ళో గదులకు కరువేం లేదు. కానీ ఆ రోజు నుంచి ఫెర్గస్‌కు తిండి సయించలేదు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో తనకు ఒక మనిషంటూ ఉన్నారా, లేక తను ఉత్త అద్దె మనిషేనా? ఆ ప్రశ్న అతన్ని చెప్పులో రాయిలా వేధించింది. ఎటూ తేలక తనకు తానే ఒక పరీక్ష పెట్టుకున్నాడు. ఫిబ్రవరి చివరి శనివారం బీరు దుకాణంలో తన సొంత పాటలు పాడతాడు. వినడానికి మనుషులొస్తే ఉంటాడు, లేకపోతే డండీ.

పోస్టర్ల పని టినెకె తలకెత్తుకుంది. యాభై రెండేళ్ళ డచ్చి ఆవిడ, పాటల్లో అతనికి తోడుగా పియానో వాయిస్తుంది. వచ్చి రెండు నెలలే అయినా ఊరి పద్ధతులన్నీ పట్టేశానని ఆమె ధీమా. ఈ ఊళ్ళో ఏ గేటు చూసినా, ఏ స్తంభం చూసినా నలుపూ తెలుపూ ఫోటోలు అంటించి ఉండటం గమనించింది. ప్రచారమంటే ఇక్కడ ఇదన్నమాట అనుకుంది. అచ్చు దుకాణానికి పోయి ఫెర్గస్ ఫోటో ఇచ్చి, గోడ మీదున్న నమూనా చూపించి, అలాగే కావాలని సైగ చేసింది. దుకాణదారు గుండెల మీద చెయ్యి వేసుకుని బల్గేరియా భాషలో ఏదో మెల్లగా అన్నాడు. ఆమెకు ఆ భాషలో వచ్చిన ముక్క ఒక్కటే. చక్కగా నవ్వి, "ధన్యవాదాలు" అంది.

అవి శ్రద్ధాంజలి కాగితాలు. మనిషి పోతే నల్లగీత చుట్టిన కాగితం మీద ఫోటో, పేరు, అంత్యక్రియల వేళ వేసి అంటిస్తారు. నలభై రోజులకొకటి, ఏడాదికొకటి, పదేళ్ళకొకటి. ఈ సంగతి ఫెర్గస్‌కు బాగా తెలుసు. కానీ అతను పోస్టరు చూస్తే కదా. గురు, శుక్రవారాలు రెండూ బీరు దుకాణం మీద గదిలో సాధన చేసి, అక్కడే బెంచీ మీద పడుకుని, శనివారం పొద్దున్నే కొండెక్కిపోయాడు. ఆ తరవాత టినెకె బంక డబ్బా పట్టుకుని ఊరంతా తిరిగింది. మొదటి కాగితం మర్యాదకు అవ్వ గేటు మీదే అంటించింది.

మధ్యాహ్నానికి గాలి లేచి లిఫ్టులు ఆపేశారు. ఫెర్గస్ బోర్డు భుజాన వేసుకుని ఊళ్ళోకి నడిచాడు. రొట్టెల కొట్టు ఆవిడ అద్దంలోంచి చూసి మూడుసార్లు సిలువ గీసుకుంది. బయటికొచ్చి అతని చెయ్యి గట్టిగా గిల్లి, మాట్లాడకుండా లోపలికి పోయింది. బీరు సీసాలమ్మే ముసలాయన, రోజూ తల కూడా ఎత్తనివాడు, టోపీ తీసి పట్టుకున్నాడు. ముఖపరిచయం తప్ప పేరు కూడా తెలియని మనిషొకడు ఎదురొచ్చి, గట్టిగా కావిలించుకుని, "ఇంకా ఉన్నావా నాయనా" అని కళ్ళు తుడుచుకుంటూ సాగిపోయాడు.

ఫెర్గస్ తల తిరిగిపోయింది. తను వెళ్ళిపోతున్నట్టు ఊరంతా పొక్కిందా? పొక్కితే మాత్రం, ఇన్నాళ్ళూ పలకరించనివాళ్ళకు ఇంత బాధేమిటి? బాధా, పీడ పోయిందన్న సంతోషమా? ఏదీ తేలక తలవంచుకుని నడిచాడు. ఫోన్ చూద్దామంటే చలికి ఎప్పుడో చచ్చింది.

గేటు దగ్గరికి వచ్చాక తెలిసింది. అవ్వ భర్త పదేళ్ళ కాగితం పక్కనే తన ముఖం, చుట్టూ నల్లగీత. కింద ఇంగ్లీషులో పేరు, ఈ రోజు తేదీ, ఏడు గంటలు, బీరు దుకాణం చిరునామా. గేటుకు నల్ల రిబ్బను. ఇది ఎవరి ఘనకార్యమో ఊహించడానికి ఎంతో సేపు పట్టలేదు. నవ్వొచ్చింది. పైన తన గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఇక్కడ చావింట పంచే ఉడికిన గోధుమల వాసన వస్తోంది. ఎవరో వాదించుకుంటున్నారు, అందులో అవ్వ గొంతు ఒకటి. సగం మెట్లెక్కి ఆగిపోయాడు.

జరిగిందేమిటంటే, అవతల లోయలో నిన్న మంచు విరిగిపడి హెలికాప్టరు తిరిగింది. అవ్వ గురువారం నుంచి ఇతన్ని చూడలేదు. పొద్దున గేటు మీద కాగితం చూసి క్రుమ్‌ను బీరు దుకాణానికి తరిమింది. దుకాణం మూసి ఉంది, తలుపు మీద అదే కాగితం ఇంకా పెద్దది. ఇక అనుమానం దేనికి? బీరు దుకాణంలో అంత్యక్రియలేమిటని ఎవరో అంటే, పరాయోళ్ళు ఏ పనైనా అక్కడే చేస్తారని అవ్వే సర్దిచెప్పిందట. ఇప్పుడు చర్చి అయ్యగారు లాజరును పిలిపించుకుని పేచీ పెట్టుకుంది.

ఆ అబ్బాయి మన చర్చివాడు కాదు కదమ్మా అంటున్నాడు అయ్యగారు. పైగా మీ కుటుంబానికి స్మశానంలో మిగిలింది ఒక్క చోటు, అది నీ కోసం ఉంచింది.

"నాదే గదా. నాదే ఇస్తున్నా," అంది అవ్వ. "మా ఆయన పక్కన పడుకోబెట్టండి. ఆయనకు పాటలంటే ప్రాణం, సర్దుకుంటాడు."

"మరి నీ సంగతో?"

"నన్ను గోడవతల పారేసినా లేచొచ్చి అడుగుతానా? వాడు తొమ్మిదేండ్లు నా మెట్లెక్కినోడు అయ్యగారూ. పెట్టెలో పెట్టి విమానంలో సామానుమాదిరి పంపేస్తారా వాణ్ణి?"

అది మనవాళ్ళ చోటు అత్తా అని క్రుమ్ నసిగాడు. "గది నీకిచ్చినా గదా, నోరు మూసుకో," అంది అవ్వ.

ఫెర్గస్ మెట్టు మీద కూలబడ్డాడు. దొంగలా వినడం తప్పని తెలుసు, అయినా విన్నాడు. ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో తన కోసం ఒక మనిషి ఇంకొకరితో పోట్లాడటం అతను వినలేదు. భుజం మీది బోర్డు జారి ధనధనమంటూ మెట్లన్నీ దొర్లింది. అందరూ బయటికొచ్చారు. ఒకావిడ కెవ్వుమంది. అయ్యగారు సిలువ ఎత్తి పట్టుకున్నాడు. అవ్వ మాత్రం గరిటెతోనే దిగి వచ్చి, అతని బుగ్గలు తడిమి, వెచ్చగా ఉన్నాయని తేల్చుకుని, చెంప ఛెళ్ళుమనిపించింది.

"బతికినోడివి చెప్పాల్నా వద్దా?" అంది.

అది చావు కాగితం కాదు, పాటల పోస్టరని అతను చెప్పాడు. వండింది పారేస్తామా అని అవ్వ అందర్నీ కూర్చోబెట్టి వడ్డించింది. ఫెర్గస్ తన అంత్యక్రియల గోధుమలు, చక్కెరా అక్రోటు పొడీ కలిపి, రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. అంతలో టినెకె చేతులకు బంకతో వచ్చి, పోస్టర్లు బాగా పడ్డాయా అని అందరినీ ఉత్సాహంగా అడిగింది. సంగతి చెప్పాక ఆమె కుర్చీలోంచి చాలాసేపు లేవలేదు. ఊరి పద్ధతి ప్రకారమే చేశానే అని మాత్రం నాలుగైదుసార్లు అంది.

ఏడింటికి బీరు దుకాణం కిటకిటలాడింది. సగం ఊరికి నిజం తెలుసు, సగానికి తెలియదు. తెలియనివాళ్ళు నల్లబట్టల్లో, చావుకు తెచ్చినట్టే సరిసంఖ్యలో తెల్లపూలు తెచ్చారు. వచ్చాక మనిషి లేచి గిటారు సవరిస్తుంటే, పూలు ఏం చేయాలో తోచక వేదిక అంచున పెట్టి కూర్చున్నారు. ఫెర్గస్ పదకొండు పాటలూ పాడాడు. విదేశీయులు నవ్వాల్సిన చోటా కాని చోటా నవ్వారు. ఊరివాళ్ళు ముక్క అర్థం కాకుండానే కొన్నిచోట్ల కన్నీళ్ళు పెట్టుకున్నారు. మనుషులొచ్చారు సరే, పాటలకొచ్చారా చావుకొచ్చారా? అతను పెట్టుకున్న పరీక్ష ప్యాసయిందో ఫెయిలయిందో చెప్పే నాథుడు లేడు.

పాటలయ్యాక అవ్వ బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఆమె ఆ దుకాణంలో అడుగు పెట్టడం జన్మలో మొదటిసారి. ముందున్న బీరు గ్లాసు సగానికి దించింది.

"అవ్వా, నీ చోటు నాకిస్తానన్నావు. మరి గది ఎందుకు తీసేసుకున్నావు?" అన్నాడు.

అవ్వ గ్లాసు పక్కకు జరిపింది.

"ఇల్లు నా ఒక్కదానిదా? మేడ మా అన్న వాటా. ఆయన పోయేముందు ఆయన కొడుక్కని మాటిచ్చినా. నాదంటూ ఉండేది ఆ ఆరడుగులే, అదే ఇచ్చినా."

ఉండటానికి గది లేదు, పోయాక చోటుంది. ఇలాంటి మాటకు నవ్వాలో ఏడవాలో ఎవరూ అతనికి నేర్పలేదు. ఇప్పుడు నేను బతికే ఉన్నాను కాబట్టి నీ చోటు నువ్వే ఉంచుకో అన్నాడు.

"ఎవరు ముందు పోతే వాళ్ళది. నేనే పోతాలే," అంది అవ్వ. "అప్పుడు గేటుకు నా కాగితం అంటించేదానికి ఒకడుండాల. ఆ క్రుమ్‌గానికి ఏ ఫోటో వెయ్యాల్నో కూడా తెలీదు."

ఏప్రిల్లో సామాను ఏ వీధికి మోయాలో ఫెర్గస్‌కు తెలియదు. పాటలు బాగున్నాయో లేదో కూడా తెలియదు.

"ఏ ఫోటో వెయ్యాలి అవ్వా?" అన్నాడు.

"అది ఇంకా తియ్యలేదు. ఎండాకాలం చెర్రీలు పండినప్పుడు తీద్దువుగానిలే, ఫెర్గో," అంది అవ్వ, బీరు ముగిస్తూ.