ఎవరూ చావని యుద్ధం

మా వెంకటకృష్ణారావుగారు ఎవరినీ చంపలేరు. ఈ మాట వినగానే మీకు ఆయన మీద గౌరవం కలుగుతుంది. నాకూ కలిగేదే, ఆయన రాసింది యుద్ధం నవల కాకపోయి ఉంటే, దానికి అక్షరాలు కూర్చేవాణ్ణి నేను కాకపోయి ఉంటే.

ఆయనది ముసునూరు. పాతికెకరాల మామిడితోట. సీమకు వెళ్లిపోతున్న దొర ఒకాయన సామాను వేలం వేస్తే, అందరూ కుర్చీలూ బల్లలూ పాడుకున్నారు. ఈయన రెండు పెట్టెల ఇంగ్లీషు పుస్తకాలు పాడుకొచ్చారు. వాటినిండా దేశదేశాల పురాణాలు. ఒక వేసవంతా మంచం దిగకుండా చదివి, దిగీ దిగగానే ‘సర్వలోక సంగ్రామం’ అని నవల మొదలుపెట్టారు. గ్రీకుల ఎద్దుతల రాక్షసుడు, ఈజిప్టువాళ్ల నక్కతల దేవుడు, మంచుదేశాల భూతాలు, చీనా డ్రాగన్లు, మన పాతాళం నాగులు, అందరూ వచ్చి నూజివీడు పొలిమేరలో యుద్ధానికి దిగుతారు. వేసేవాళ్లు ఎవరూ దొరక్క, సొంత ఖర్చుతో మా ప్రెస్సులో అచ్చుకిచ్చారు. అది నలభై ఎనిమిది జనవరి. నా నడుం నొప్పి పుట్టిందీ అప్పుడే.

మూడో ప్రకరణంలో ఎద్దుతల రాక్షసుడి తల తెగింది. శుభం అనుకుని కూర్చేశాను. మర్నాడు పొద్దున్నే సైకిలు బెల్లు మోగింది.

"సలోమోనూ! ఆ తల అతికించెయ్యి!"

"నిన్ననే కదండీ నరికారు?"

"పొరపాటయిందోయ్. ఇంటి దగ్గర వాడికీ ఒక తల్లి ఉంటుంది కదా."

"రాక్షసుడికి తల్లేంటండీ?"

"తల్లి లేకుండా ఎలా పుడతాడయ్యా? ముసలావిడ, పాపం. ఒక కొమ్ము విరిగింది కూడాను."

అతికించాను. ఐదో ప్రకరణంలో మంచుభూతం కరిగిపోయింది. మర్నాడు మళ్లీ గడ్డకట్టింది. వాడికీ తల్లి ఉందట. ఎనిమిదిలో నక్కతల దేవుడు నూతిలో పడ్డాడు. సైకిలు బెల్లు వినగానే నేనే చేద అందుకున్నాను, "తోడమంటారా?" అంటూ.

నెలన్నర తిరిగేసరికి నవలలో డెబ్బై ఇద్దరు పోగయ్యారు. కొత్తవాళ్లు రావడమే గాని పోయేవాళ్లు లేరు. అందరికీ తిండి పెట్టాలి కదా, పందొమ్మిదో ప్రకరణంలో యుద్ధం ఆపి భోజనాలు వడ్డించారు. నాగులకు పాలగిన్నెలు వేరే. చారు చల్లారిపోతే డ్రాగనును పిలిచి వేడి చేయించారు. ఇంతమంది పేర్లు ప్రతి పేజీలోనూ రావడంతో మా కేసుల అరల్లో సీసం అక్షరాలు ఖాళీ అయ్యాయి. ఒక పేజీ అచ్చయి, దాన్ని విప్పితేగాని మరో పేజీకి దిక్కులేదు.

మా ప్రొప్రయిటరు దశరథరామయ్యగారు ఒకరోజు నన్ను పిలిచారు.

"ఏంటయ్యా ఈ సంత? వచ్చే నెల మామిడి బుట్టల లేబుళ్లు మొదలవుతాయి. ఈలోగా యుద్ధం తేలకపోతే పుస్తకం అటకెక్కిస్తాను. ఆయనకి చెప్పు."

చెప్పాను. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "ఒక్కణ్ణి చంపండి బాబూ. ఒకడు పోతే ధైర్యం వస్తుంది. మిగతావాళ్లు వాళ్లే పోతారు."

"చూద్దాంలే," అని ఆయన ప్రూఫులు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు.

ఇక నావల్ల కాలేదు. కళ్లు మంటలు, వేళ్లనిండా సీసం నలుపు. మిగిలింది ఆఖరి యుద్ధం. అందులో ఎవరికీ అక్కరలేనివాణ్ణి వెతికాను. నాగరాజుకు గొడుగు పట్టే సిపాయి ఒకడున్నాడు. పేరు బుచ్చయ్య. పుస్తకం మొత్తం మీద వాడు మాట్లాడింది ఒకటే మాట, "చిత్తం" అని. వీడు పోతే ఎవడికి నష్టం? నా అంతట నేనే ఒక వాక్యం కూర్చేశాను: ‘ఆ బాణం తగిలి బుచ్చయ్య కూలిపోయాడు.’ రెండు నెలల్లో ఆ పూటే హాయిగా అన్నం తిన్నాను.

మర్నాడు బెల్లు మోగలేదు. ఆయన సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. ప్రూఫు నా ముందు పెట్టి, ఆ వాక్యం మీద వేలుంచారు.

"డెబ్బై ఇద్దరుండగా నీకు వీడే దొరికాడా?"

ఆయన కోపం చూడటం అదే మొదలు. ఆయన స్టూలు మీద కూలబడ్డారు.

"మా తోటలో కాయలు మాగేసే పాకలో గడ్డి పరిచే బసవమ్మ లేదూ? దాని కొడుకోయ్ బుచ్చయ్య. పటాలంలో చేరి సింగపూరు వెళ్లాడు. ఆరేళ్లయింది ఉత్తరం ముక్క లేదు. నవల రాస్తున్నానని తెలిసి, మావాడి పేరు అచ్చులో పడుద్దా బాబూ అంది. పడేశాను. రోజూ ప్రూఫు చదివి వినిపిస్తున్నాను. ఇవాళ్టిది ముందు నేను చూసుకోబట్టి సరిపోయింది."

"అయితే వాణ్ణొక్కణ్ణీ బతికించి మిగతావాళ్లని..."

"బసవమ్మ వెర్రిదనుకున్నావా? అందరూ పోయి వాడొక్కడే మిగిలితే, తన కోసం మిగిల్చానని కనిపెట్టెయ్యదూ? మొహమాటానికి బతికిన కొడుకు దానికెందుకు? అందుకే అందరినీ బతికించాల్సి వచ్చింది."

నాకు సిగ్గేసింది. ఆ వాక్యం ఊడదీశాను. ఆఖరి ప్రకరణం ప్రూఫు తయారయ్యాక, ఆయన రమ్మంటే నేనూ ముసునూరు వెళ్లాను.

బసవమ్మ గడ్డి పరుస్తూనే వింది. సంధి కుదిరింది. దేవుళ్లూ భూతాలూ అందరూ తలో నాలుగు కాయలు పట్టుకుని ఇళ్లకు బయల్దేరారు.

"అంత యుద్ధంలో ఒక్కడూ పోలేదా బాబూ?" అంది.

"పోలేదు," అన్నారాయన ప్రూఫులోంచి తల ఎత్తకుండా.

"ఆ ఎద్దుతలోడు కూడానా? ఇదేం యుద్ధం! ఇద్దరు ముగ్గురన్నా పోతేగదా నమ్మేది." నా వైపు తిరిగింది. "అచ్చేసేవాడివి, నువ్వన్నా చెప్పలేదా అబ్బాయ్?"

"చెప్పానమ్మా," అన్నాను. "చంపుదామనే చూశాం. మా ప్రెస్సులో చావులకి అక్షరాలు చాల్లేదు."

ఆవిడ నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది. చేతిలో గడ్డి కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పోన్లే. ఒక్క సంగతి మాత్రం బాగాలేదు బాబూ. మావాడు ‘చిత్తం’ అని ఊరుకునే రకం కాదు. వసపిట్ట. ఇంకాస్త మాట్లాడించండి."

ఆయన నా వంక చూశారు. నేను నా నడుం వంక చూసుకున్నాను.

మర్నాడు ఆ పేజీ మళ్లీ విప్పాను. లేబుళ్లు ఎనిమిది రోజులు ఆలస్యమయ్యాయి. దశరథరామయ్యగారి తిట్లు ఇక్కడ రాయను. మీరు ఎప్పుడైనా ‘సర్వలోక సంగ్రామం’ తెరిస్తే ఆఖరి ప్రకరణం చూడండి. బుచ్చయ్య పేజీన్నర మాట్లాడతాడు. మాటల ధ్యాసలో గొడుగు ఎక్కడో పెట్టి మరిచిపోతాడు. నాగరాజు ఎండలో నిలబడి చెమటలు తుడుచుకుంటూ మొత్తం వింటాడు.