సులైబియా గోడౌన్

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక జోర్డాన్ వైపు బయల్దేరిన బస్సులో నా పక్కన రాయచోటి మనిషి ఒకాయన కూర్చున్నాడు. కువైట్‌లోని అల్ రాయ్‌లో చిన్న చిన్న షాపులకు లెక్కలు రాసేవాడట.

"నాలుగు షాపులతో మొదలుపెడితి. ఎవురడిగినా కాదనలేకపోతి. ఒక్కన్నే చెయ్యలేక తమ్మున్ని పిలిపిచ్చుకుంటి. ఊరి బయట సులైబియాలో ఒక గోడౌన్ లెక్కలొచ్చినప్పుడు వాడు, 'ఇంగ చాలన్నా, మనవల్ల కాదు' అన్న్యాడు. ఇదొక్కటేలే అని వాన్నే ఆడికి పంపిస్తి. సైన్యమొచ్చిన పొద్దు వాడు ఆ గోడౌన్లోనే ఉన్న్యాడు."

"మళ్లీ కనపడలేదా?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు.

సరిహద్దులో అధికారి ఎంతమందని అడిగితే ఆయన రెండు వేళ్లు చూపించాడు. కాసేపాగి ఒకటి మడిచాడు.

ఇప్పుడు కడపలో నాకూ లెక్కలు రాసే ఆఫీసుంది. కొత్త పని ఒప్పుకునే ముందు నా దగ్గర పనిచేసేవాళ్లను అడుగుతాను. వాళ్లు వద్దంటే ఎందుకని అడగను.