గుర్తు తప్పని బీరమ్మ

తాండూరులో బండల ఫ్యాక్టరీలు దాటి బషీరాబాద్ రోడ్డు పట్టగానే ఎడమ చేతికి ఒక రేకుల షెడ్డు వస్తుంది. నాపబండలు మోసి మోసి నడుం పడిపోయిన లారీలన్నీ అక్కడికే చేరతాయి. ఇంజను తిప్పిన తిప్పుడును వెనక చక్రాల దాకా మోసుకుపోయే పొడుగాటి ఇనుప గొట్టం ఒకటుంటుంది. దాన్ని షాఫ్ట్ అంటారు. లారీకి వెన్నెముక అనుకోండి. అది వంగినా, విరిగినా, గడగడ కొట్టుకున్నా బాగుచేసేవాడు మల్లికార్జున్. మల్లికార్జున్‌ను బాగుచేసేది వాళ్ళమ్మ బీరమ్మ.

బీరమ్మ పుట్టింది సేడం వైపు, కన్నడం మాట్లాడే ఊళ్ళో. దేవప్పను కట్టుకుని బషీరాబాద్ పక్క పల్లెకు వచ్చి, నలభై ఏళ్ళు గొర్రెల వెంట నడిచింది. మందలు కలిసిపోకుండా గొర్రెల వీపు మీద ఎర్రటి జాజుతో గుర్తు పెట్టుకోవడం కురుమల పద్ధతి. బీరమ్మ కూడా పెట్టేది, కానీ అది దేవప్ప కోసం. ఆమెకు గుర్తులతో పనిలేదు. మూడు వందల గొర్రెల్లో ఏది దేని పిల్లో, ఏ చెవి మీద ఎన్ని మచ్చలో కళ్ళు మూసుకుని చెప్పేది. ఒకసారి, అంతకు రెండేళ్ళ ముందు తప్పిపోయిన గొర్రెను కొడంగల్ సంతలో ఎవడో అమ్ముతుంటే ముఖం చూసి పట్టుకుంది. నాదే అని వాడు వాదించాడు. "దాన్నే అడుగు" అంది బీరమ్మ. గొర్రె వచ్చి ఆమె కొంగు నమలసాగింది. వాడు తాడు వదిలేశాడు.

ఇంత జ్ఞాపకం ఉన్న మనిషికి ఒక్కటి మాత్రం ఎన్నడూ జ్ఞాపకం ఉండేది కాదు. అది తన తప్పు. కాగ్నా వాగు దాటిస్తూ పన్నెండు గొర్రెలు కొట్టుకుపోయిన ఏడాది తప్పు వాగుది. జొన్నరొట్టె మాడితే పొయ్యిది. దేవప్పకు చెవుడు వస్తే, "నా మాట ఇనకనే మూసుకపోయినయ్" అని తీర్పు చెప్పింది. ఆమె నోటి వెంట 'నా తప్పు' అన్న మాట వినాలని దేవప్ప పెళ్ళయిన నాటి నుంచీ కాచుకుని ఉన్నాడు. తీరా ఆమె అనే రోజు వస్తే వినడానికి చెవులు మిగలవేమోనని అతని బెంగ.

మోకాళ్ళు మొరాయించాక గొర్రెల్ని అమ్మేసి ఇద్దరూ కొడుకింటికి చేరి, పగలు కూర్చోడానికి అతని షెడ్డులో నులక మంచం వేసుకున్నారు. దేవప్ప ఉన్ని వడుకుతాడు. బీరమ్మ షెడ్డును కడుగుతుంది. జిడ్డంటే ఆమెకు పాత పగ. బండికి కొత్త సామాను ఏది బిగించినా ముందు తళతళా తోమి బొట్టు పెట్టాల్సిందే. బొట్టు లేని ఇనుము మనిషి వేలు తీసుకుంటుందని ఆమె నమ్మకం. మల్లికార్జున్‌కు పది వేళ్ళూ ఉన్నాయి కాబట్టి దాన్ని కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

ఆ షెడ్డుకు ఒకనాడు కౌశిక్ వచ్చాడు. వికారాబాద్‌లో బట్టల దుకాణం నడిపే సూర్యప్రకాశ్ సేటు కొడుకు. తండ్రి గజం గుడ్డను మూడుసార్లు కొలిచి కోసే మనిషి. కొడుకు దేన్నీ ఒక్కసారి కూడా కొలవడు. నేలకు ఆనీ ఆననట్టుండే జర్మనీ కారు ఒకటి కొని, దాని ఇంజనుకు బలం పెంచించాడు. ఇంజనుకు బలం వచ్చింది గానీ పాపం షాఫ్ట్‌కు ఎవరూ ఏమీ పెట్టలేదు. అనంతగిరి ఘాట్ మీద ఒక్క తొక్కు తొక్కేసరికి, రెండు ముక్కల ఆ షాఫ్ట్ తువ్వాలను పిండినట్టు మెలితిరిగి ఊరుకుంది. కారును ట్రాక్టరుకు కట్టి గుంజుకుపోయారు. కొత్తది, గట్టిది కావాలంటే విదేశం నుంచి రావాలి, నాలుగు నెలలు ఆగమని హైదరాబాద్‌లో చెప్పారు.

"ఇరవై టన్నుల బండలు మోసేదానికి షాఫ్ట్ చేస్తవు. ఇద్దరం కూసునే కారుకు చెయ్యలేవా మల్లన్నా?" అన్నాడు కౌశిక్.

ట్రాక్టరు వెనక వచ్చిన ఆ కారు చుట్టూ బీరమ్మ ఒక ప్రదక్షిణం చేసింది.

"గింత కిందికున్నదేంది? కాళ్ళిరగ్గొట్టిన్రా?"

"స్పీడు కోసం పెద్దమ్మా."

"రెండే తలుపులున్నయ్. మీ నాయిన ఎనక కూసుంటే ఎట్ల దిగుతడు?"

"మా నాయిన దీంట్ల ఎక్కనే ఎక్కడు."

"తెలివిగల్లోడు" అని బీరమ్మ మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

మల్లికార్జున్ మాత్రం ఆ కారును ఆశగా చూశాడు. జనం బండలు మాని టైల్సు వేయించుకుంటున్నారు. షెడ్డు ముందు లారీలు పలచబడ్డాయి. ఈ ఒక్క కారు సరిగ్గా పరుగెత్తితే కౌశిక్ దోస్తుల కార్లు వరస కడతాయి. పరుగెత్తకపోతే షెడ్డుకు తాళం వేసి, ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరో జీతానికి నిలబడాలి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

పదిహేను రోజులు పట్టింది. దళసరి ఉక్కు గొట్టం తెచ్చాడు, పెద్ద జాయింట్లు వేశాడు. కారు ఎగిరినా కుంగినా షాఫ్ట్ ఆ మేరకు సాగి ముడుచుకునేలా, ఒకదాంట్లో ఒకటి దూరే పళ్ళ ముక్కలు రెండు పెట్టాడు. హైదరాబాద్‌కు పంపి, మిషను మీద తిప్పించి, తేలికగా ఉన్న వైపు ఇనుప బిళ్ళ అతికించి తూకం సరిచేయించాడు. ఆ తూకం చెడకుండా అక్కడివాళ్ళు రెండు ముక్కల మీదా తెల్ల పెయింటుతో ఒక్కో గీత గీసి పంపారు. గీతకు గీత కలిపి దూర్చాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా చేసిన తూకమంతా మట్టిపాలు.

శనివారం పొద్దున హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ షాఫ్ట్‌ను, మల్లికార్జున్ ఇంకా చూడకముందే, ఏసుదాసు గ్రీజు కోసం రెండు ముక్కలుగా విడదీసి బండ మీద పెట్టాడు. పదేళ్ళ నుంచి మల్లికార్జున్‌తో కలిసి పనిచేస్తున్న మనిషి అతను. ఆ రోజు ధారూర్ జాతరకు పోవాలి, రైలు టైమైంది.

"మల్లన్నా, గుర్తుకు గుర్తు కలిపి ఎక్కియ్యి. నేను పోతున్న" అన్నాడు.

కారు కింద ఉన్న మల్లికార్జున్ "ఊ" అన్నాడు. కాసేపటికి లేచి, బోల్టుల కోసం బజారుకు పోయాడు.

షెడ్డులో బీరమ్మ, బండ మీద జిడ్డు ఇనుము మిగిలారు. కిరసనాయిలు తెచ్చింది, కొబ్బరిపీచు తెచ్చింది. తోమింది. రెండు ముక్కల మీదా తెల్లగా ఏదో చార కనపడితే, ఏ కాకి రెట్ట వేసిందోనని తిట్టుకుంటూ ఇంకాస్త గట్టిగా రుద్దింది. తర్వాత కుంకుమ పెడితే నూనె మీద నిలవలేదు. అలమరలో ఎర్ర పెయింటు డబ్బా కనపడింది. బిగించిన నట్లకు మల్లికార్జున్ గుర్తు పెట్టే డబ్బా అది. వేలు ముంచి, చెరొక ముక్కకు ముచ్చటైన బొట్టు పెట్టి, రొట్టెలు చేయడానికి ఇంటికి పోయింది.

మల్లికార్జున్ వచ్చి చూస్తే రెండు ఎర్ర చుక్కలు. షెడ్డులో గుర్తంటే ఎప్పుడూ ఎరుపే. ఏసుదాసు ఎంత పద్ధతిగా పెట్టిపోయాడో అని మెచ్చుకుంటూ, చుక్కకు చుక్క కలిపి బిగించేశాడు.

ఆదివారం కౌశిక్ కారు తీసుకుని వికారాబాద్ రోడ్డు పట్టాడు. పావుగంటలో తిరిగి వచ్చాడు.

"ఎనభై దాటితే ఊగుడు మొదలైతుంది మల్లన్నా. అద్దంల నా మొకం నాకే ఇద్దరి లెక్క కనపడుతుంది. దవడలు కొట్టుకుంటున్నయ్."

మల్లికార్జున్ వంగి కారు కిందికి చూశాడు.

"మా నాయిన ముందుగాలనే అన్నడు, లారీ మిస్త్రీ లారీకేనని. నేనే ఇనలే."

మల్లికార్జున్ ఏసుదాసుకు ఫోన్ కలిపాడు. నాలుగోసారికి ఎత్తాడు. వెనక మైకులో పాటలు హోరెత్తుతున్నాయి.

"తెల్లగీతలు కలిపినవా?" అని అరిచాడు ఏసుదాసు.

"తెల్లగీతలు యాడున్నయ్? నువ్ ఎర్రచుక్కలు పెట్టిపోయినవ్ గదా."

"నేనెందుకు పెడ్త మల్లన్నా చుక్కలు? నేనేమన్న పెండ్లిపిల్లను తయారుజేస్తున్ననా?" అన్నాడు. లైను తెగిపోయింది.

మంచం మీద బీరమ్మకు కాకి రెట్ట గుర్తుకొచ్చింది. కానీ నోరు అలవాటు కొద్దీ తన పని తాను మొదలుపెట్టింది.

"హైదరాబాదోళ్ళ పెయింటు నాసిరకం అయ్యుంటది. ఆరిపోయి రాలిపోతది" అంది గాలిలోకి.

కొడుకు ఆ మాట విననేలేదు. కారు కిందికి దూరి షాఫ్ట్ విప్పి తెచ్చి బండ మీద పెట్టాడు. "చుక్కల ముచ్చట ఏమోగానీ, నాకు తెలుస్తుంది. వెల్డింగే వంకర పోయింది. తప్పు నాదే కౌశిక్ సేటూ. కోసేస్త. మీరు హైదరాబాద్‌లనే చూసుకోండ్రి" అని గ్రైండరు చేతిలోకి తీసుకున్నాడు.

తప్పు నాదే అన్న ఆ మాట బీరమ్మ చెవిన ముల్లులా దిగింది. కొడంగల్ సంతలో తన గొర్రె మెడకు పరాయివాడు తాడు కట్టి నిలబడ్డప్పుడు కూడా ఇలాగే అయింది. తనదాన్ని ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆ తప్పు ముఖం, చెవులు, నడక అన్నీ తనవే. తన దాన్ని ఇంకొకరు, కడుపున పుట్టినవాడైనా సరే, నాదని తోలుకుపోతుంటే ఎట్లా చూస్తూ కూర్చుంటుంది?

మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచింది.

"ఆపురా. గది నీది గాదు. నాది."

"ఏంది నీది అవ్వా?"

"తప్పు."

దేవప్ప చేతిలో కదురు ఆగిపోయింది.

"గా గీతలు నేనే తోమిన. కాకి రెట్ట అనుకున్న. చుక్కలు గూడ నేనే పెట్టిన. ఇగ గట్ల నోరు తెర్సుకొని సూడకు, ఇను. పొట్టిముక్కకు గ్రీజు పట్టే ముక్కు ఉన్నది గదా. దానికి ఎడమపక్క రెండు వేళ్ళంత దూరంల గీత. పీచు ముక్కుకు తట్టుకుంటే గుంజిన, అందుకే ఎరుకున్నది. పొడుగుముక్కకు బిళ్ళ అతికిచ్చిన్రు సూడు, దాని నడిమిట్ల నుంచి సక్కగ కిందికి ఇంకోటి."

"పక్కానా పెద్దమ్మా?" అన్నాడు కౌశిక్ అనుమానంగా.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం బీరమ్మకు చిన్నతనం. మల్లికార్జున్ గ్రైండరు కింద పెట్టి, "పక్కానే సేటూ" అన్నాడు.

గంటలో మళ్ళీ బిగించాడు. కౌశిక్ కారెక్కేసరికి పక్క సీట్లో బీరమ్మ కూర్చుని ఉంది, పీట మీద కూర్చున్నట్టు కాళ్ళు చాపుకుని. ఒడిలో అంచుదాకా చల్ల నింపిన చెంబు.

"నువ్వెందుకు పెద్దమ్మా? సీటు మీద ఒలుకుతది."

"తప్పు నాదైతే ఎంట నేను రాకుంటే ఎవలొస్తరు? తోలు."

ఎనభై దగ్గర కౌశిక్ పాదం తనంతట తానే వెనక్కి తగ్గింది.

"ఎందుకు జంకుతున్నవ్? తొక్కు."

తొంభై. నూరు. చెంబులో చల్ల మీద చిన్న వలయం తిరిగింది తప్ప చుక్క కింద పడలేదు. అద్దంలో కౌశిక్‌కు తన ముఖం ఒక్కటే కనపడింది. నవ్వుతోంది. నూట పదిలో ఎర్రబస్సును దాటేటప్పుడు బీరమ్మ అద్దం దించమంది. బస్సు డ్రైవరును ఒక చూపు చూసి, "వీళ్ళకు గిట్లాంటి షాఫ్ట్ ఉండుంటే నా మోకాళ్ళు మంచిగనే ఉంటుండె" అంది.

షెడ్డు ముందు కారు ఆగీ ఆగకముందే కౌశిక్ దిగాడు. "మల్లన్నా, వచ్చే ఆదివారం మా హరీష్ బండి తెస్తడు. దానికి గూడ గిదే వెయ్యాలె."

మల్లికార్జున్ తల ఊపి లోపలికి పోయాడు. చేసిన మొదటి పని, ఎర్ర పెయింటు డబ్బాను తల్లి చేతికి అందకుండా దూలానికి వేలాడదీయడం. బీరమ్మ చూసి, "బొట్టు ఆఖర్ల పెడ్త తియ్యి, బిగిచ్చినంక" అంది, తానే ఒక మెట్టు దిగివచ్చి కొడుకును క్షమించినట్టు.

మంచం మీద దేవప్ప ముసిముసి నవ్వు నవ్వుతూ ఆమె వైపు జరిగాడు.

"ఏమే, ఇందాక ఏందో అన్నవ్. జర మళ్ళ చెప్పు."

"ఏమన్న?"

"నాది అన్నవ్ సూడు. ఏంది నీది?"

వినపడే అడుగుతున్నాడని బీరమ్మకు తెలుసు. చెంబెత్తి అతని గ్లాసు నిండా పోసింది.

"చల్ల నాది అన్న. తాగు."